టేకు తోటలో పురుగు ఎంత ఉందో చెప్పాలంటే ఎన్ని చెట్లు చూడాలి?

టేకు ఆకులు మేసే గొంగళిపురుగు ఎంత ఉందో తేల్చడానికి ఎన్ని చెట్లు చూస్తే సరిపోతుందని అడిగారు. వంద చూసినా సరే, అన్నీ బాట పక్కవే అయితే ఆ లెక్క దండగ.

ఆదిలాబాద్ వైపు టేకు ప్లాంటేషన్లలో మూడు వానాకాలాలు నేను ఈ పనే చేశాను. మొదటి ఏడు జూన్ చివర్లో, జీపు బాట వెంట నలభై చెట్లు చూసి చెట్టుకు రెండు మూడు పురుగులని రాసుకున్నాం. ఆ రాత్రి అదే తోటలో వాగు అవతల పడుకున్నాం. గాలి లేదు, మబ్బు లేదు, ఎండుటాకుల మీద మాత్రం సన్నగా జల్లు పడుతున్న చప్పుడు. తడిసిపోతామని సామాన్లు సర్దుతుంటే వాచర్ తాత టార్చి కొట్టి, "వాన గాదు సారూ, పైన మేస్తున్నయి" అన్నాడు. పక్క మీద పరిచిన తెల్ల పంచె నిండా ఆవగింజలంత నల్లటి పెంటికలు. తెల్లారి చూస్తే మా చుట్టూ ఉన్న నాలుగెకరాల్లో సగం ఆకులకు ఈనెలే మిగిలాయి.

ఈ పురుగు తోటంతా సమంగా ఉండదు. నిలంబూరు టేకు తోటల్లో కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు గమనించిందీ ఇదే: ముందు చిన్న చిన్న మచ్చల్లో మొదలై తర్వాత చుట్టుపక్కలకు పాకుతుంది. అందుకే తోటను గళ్లుగా విడగొట్టి, చీటీలు తీసి, ఏ గడి వస్తే ఆ గడికి నడవాలి, అది ముళ్లపొదల్లో ఉన్నా సరే.

ఈ లెక్క రాసి పంపే రిపోర్టు ఫారంలోనేమో చెట్టుకు సగటు రాయడానికి ఒక్కటే ఖాళీ. ముప్పై చెట్ల మీద సున్నా, పదింటి మీద మూడేసి వందలు ఉంటే సగటు డెబ్బై ఐదు. డెబ్బై ఐదు పురుగులున్న చెట్టు తోటలో ఒక్కటీ ఉండదు! పైగా నెలకోసారి పంపమంటారు. పురుగు దశ మొత్తం రెండు వారాలు కూడా ఉండదు, మీరు వెళ్లేసరికి అది నేలకు దిగి ప్యూపా (మేత మానేసి కదలకుండా ఉండే దశ) అయిపోతుంది. కెనడాలో స్ప్రూస్ చెట్లను మేసే బడ్‌వార్మ్ అనే పురుగు లెక్కకు చెట్టు తలలో ఏ ఎత్తున కొమ్మ తీయాలో మోరిస్ అనే పరిశోధకుడు 1955లోనే వివరంగా రాశాడు. మన దగ్గర ఇప్పటికీ చేతికందిన కొమ్మే శాంపిల్.

నా మాట వినండి, టేకుకు పంచెను మించిన సాధనం లేదు. చెట్టు కింద మీటరు చదరం గుడ్డ పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, రాత్రి గంటసేపు వదిలి పెంటికలు లెక్కపెట్టండి. పెంటిక సైజును బట్టి పురుగు ఎంత ఎదిగిందో కూడా తెలుస్తుంది. ఒకే వేళకు, వారానికి రెండుసార్లు చేయండి. వాన పడిన రాత్రి లెక్క మాత్రం వదిలేయండి, పెంటికలు కరిగి గుడ్డ మీద మరకలే మిగులుతాయి.