క్రూజ్ పట్టడం లేదు, బ్రేక్ లైటు వెలుగుతోంది: షాపుకి వెళ్ళే ముందు చూసుకోవాల్సినవి

"సెకండ్‌హ్యాండ్ కారు కొన్నానండీ. హైవే మీద క్రూజ్ సెట్ అవ్వడం లేదు. డాష్‌బోర్డు మీద బ్రేక్ లైటు కూడా వస్తోంది. షాపులో ఏబీఎస్ మాడ్యూల్ మార్చాలంటున్నారు, మార్పించెయ్యమంటారా?"

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడిగే సందేహం ఇది. క్రూజ్ అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే కారుని ఒకే వేగంలో నడిపే సదుపాయం. ఏబీఎస్ అంటే బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, దాన్ని నడిపే డబ్బా మాడ్యూల్. దాన్ని ఇప్పుడే మార్పించకండి. ముందు ఆ లైటు ఏ రంగులో ఉందో చూడండి.

ఎర్రగా ఉంటే క్రూజ్ సంగతి పక్కన పెట్టండి. పార్కింగ్ బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో చూసి, దిగినా లైటు ఆరకపోతే బానెట్ ఎత్తి బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా చూడండి. మట్టం కింది గీత దగ్గరికి వస్తే ఈ లైటు వెలుగుతుంది. చాలామంది కాస్త పోసి, లైటు ఆరింది కదా అని ఊరుకుంటారు. అది సరైన పని కాదు. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ ఫ్లూయిడ్ చక్రాల వైపు దిగుతుంది, కాబట్టి మట్టం తగ్గడమే ప్యాడ్ల గురించి చెప్పే కబురు. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చేయాలి. ప్యాడ్లు బాగానే ఉన్నా మట్టం తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది. చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. పోయాల్సి వస్తే మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే కొత్త సీసా తెరిచి పోయండి. తెరిచి పెట్టిన సీసా గాలిలో తేమని పీల్చేస్తుంది. డాట్ 5 సిలికాన్‌తో చేసింది, వాటితో కలపకూడదు. ఇంజన్ ఆయిల్ అయితే ఒక్క చుక్క కూడా వద్దు, లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి.

పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా, ఎర్ర లైటూ ఏబీఎస్ లైటూ రెండూ కలిసి వెలుగుతున్నా కారు నడపకండి. టో ట్రక్కుని పిలవండి. ఖర్చు అని వెనకాడకండి. మీ ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో ఈరోజే చూసి పెట్టుకోండి.

పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని కారు జారవచ్చు. నెమ్మదిగా, దూరం పాటించి షాపుకి తీసుకెళ్ళండి.

ఇక క్రూజ్ ఎందుకు పోయింది? వేగం ఎంతో, బ్రేక్ మీద కాలు ఉందో లేదో కంప్యూటర్‌కి కచ్చితంగా తెలిస్తేనే క్రూజ్ పడుతుంది. ఈ రెండింట్లో దేని మీద అనుమానం వచ్చినా అది క్రూజ్‌ని ఒప్పుకోదు. అందుకే బ్రేకుల లోపం, క్రూజ్ లోపం అని మనకి రెండుగా కనిపించేవి చాలాసార్లు ఒకటే.

నేనైతే ముందు పెడల్ పైన ఉండే బ్రేక్ స్విచ్ చూడమంటాను. చిన్న భాగం, చవక, కానీ వెనక లైట్లు వెలిగించడం, క్రూజ్‌ని ఆపడం, గేర్‌ని పార్క్ నుంచి కదలనివ్వడం, బటన్ స్టార్ట్‌కి అనుమతి ఇవ్వడం, ఇన్ని పనులు దాని సంకేతం మీదే ఆధారపడతాయి. చీకటి పడ్డాక కారు వెనకభాగం గోడవైపు ఉండేలా పెట్టి పెడల్ తొక్కి చూడండి. గోడ మీద ఎరుపు రాకపోతే ముందు ఫ్యూజు, బల్బులు, తర్వాత స్విచ్. కాలు తీసినా ఎరుపు పోకపోతే పెడల్ దగ్గరి కార్పెట్ మీద ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయేమో వెతకండి. కొన్ని కార్లలో స్విచ్ ఆనుకునే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ పాతబడి పొడి అయిపోతుంది. అప్పుడు బ్రేక్ తొక్కే ఉందని కంప్యూటర్ అనుకుంటుంది, క్రూజ్ పట్టదు, రాత్రంతా లైట్లు వెలిగి బ్యాటరీ కూడా దిగిపోతుంది. మార్చాల్సింది ఆ బిళ్ళ ఒక్కటే.

లోపం గురించి కారు కంప్యూటర్ దాచుకున్న కోడ్లని స్కానర్‌తో చదివించడం తర్వాతి మెట్టు. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన పెట్రోల్ కార్లన్నిటికీ స్కానర్ తగిలించే ఓబీడీ-2 పోర్టు ఉంటుంది, సాధారణంగా స్టీరింగ్ కింద. పీ0571, పీ0504 వస్తే బ్రేక్ స్విచ్ వైపు చూడాలి. చక్రాల వేగం కొలిచే సెన్సర్ల కోడ్లు సీ అనే అక్షరంతో మొదలవుతాయి, చవక స్కానర్లు వాటిని చదవలేవు. ఏబీఎస్ కూడా చదివే స్కానరా అని అడగండి. మంచు ప్రాంతాల్లో రోడ్డు మీద చల్లే ఉప్పుకి ఈ సెన్సర్లు, వాటి వైర్లు తుప్పు పడతాయి. చాలా కార్లలో ఒక్కటి పోయినా ఏబీఎస్ లైటు వచ్చి, చక్రాలు జారి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, క్రూజ్ ఆగిపోతాయి. ఒక మాట గుర్తుంచుకోండి, కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో మాత్రమే. ఏ భాగం మార్చాలో పరీక్ష చేసి తేల్చాలి.

సుబారు వంటి కార్లలో చెక్ ఇంజన్ లైటు ఏ కారణంతో వెలిగినా క్రూజ్ ఆగిపోతుంది. పెట్రోల్ మూత వదులుగా ఉన్నా చాలు. క్రూజ్‌తోపాటు హారన్ కూడా పలక్కపోయి, ఎయిర్‌బ్యాగ్ లైటు వస్తే స్టీరింగ్ లోపల, దాని బటన్లకి కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ అనే భాగం పోయి ఉండొచ్చు. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి మీరు చెయ్యి పెట్టకండి. ముందు కారుని బట్టి వేగం తగ్గించే అడాప్టివ్ క్రూజ్ అయితే రాడార్ మీది మంచు, బురద తుడవండి. ఈమధ్య ముందు అద్దం మార్పించి ఉంటే అద్దం వెనక ఉండే కెమెరాకి క్యాలిబ్రేషన్, అంటే మళ్ళీ గురి సరిచేయడం, చేశారో లేదో కనుక్కోండి.

డబ్బు కట్టేముందు మీ కారు విన్, అంటే 17 అక్షరాల నంబరు, అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో వేసి రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ కార్లని వెనక్కి పిలవడం, ఉందేమో చూడండి. హ్యుందాయ్, కియా 2013లో సరిగ్గా ఈ బ్రేక్ స్విచ్ కోసమే లక్షల కార్లు వెనక్కి పిలిచాయి. పెండింగ్ రీకాల్ ఉంటే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి కూడా డీలర్ ఉచితంగా చేస్తారు.

ఇవన్నీ చూశాక కూడా మాడ్యూలే అంటే, ఏ కోడ్ వచ్చింది, ఏం పరీక్ష చేసి తేల్చారు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. జవాబు తడబడితే ఇంకో షాపులో చూపించండి.

రిపేరు అయ్యాక వాన, మంచు లేని రోజున ఖాళీ రోడ్డు మీద పరీక్షించండి. చాలా కార్లలో సుమారు 25 మైళ్ళ వేగం దాటితేనే క్రూజ్ పడుతుంది. సెట్ చేసి, బ్రేక్‌ని కాస్త తాకండి. ఆ క్షణమే క్రూజ్ వదిలేయాలి. వదలకపోతే బటన్ నొక్కి ఆపేసి, మళ్ళీ వాడకుండా నేరుగా షాపుకి వెళ్ళండి.