అమ్మడూ, ఆ సగటును నమ్మకు

అమ్మడూ,

మబ్బు బిందువులు కాంతిని ఎలా చెదరగొడతాయో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ పుణెలో కడతావని, అవసరమైతే విమానంలో మబ్బుల్లోకే వెళ్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. అమలాపురంలో కనబడిన వాళ్లందరికీ చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరిచెట్లు విరిగిపడే చప్పుడు విన్నవాణ్ణి, మబ్బంటే నాకింకా భయమే. పుణెలో వాతావరణ పరిశోధన చేసే ఐఐటీఎం సంస్థ వాళ్లు 2009 నుంచి విమానాల్లో వెళ్లి తీసిన కొలతలున్నాయిగా, ముందు వాటితో మొదలుపెట్టు. ఎక్కక తప్పకపోతే, ఎక్కే ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఒక్క బిందువు కాంతిని ఎలా చెదరగొడుతుందో గుస్టాఫ్ మీ అనే ఆయన 1908లోనే తేల్చాడు. ప్రోగ్రాములు దొరుకుతాయి, మళ్లీ రాయకు. ప్రతి అంకె పక్కన యూనిట్ రాయి.

నా భయం సగటు గురించి. నా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒక కుర్రాడు బిందువుల వ్యాసార్థాలకు సగటు తీసి, మబ్బంతా ఆ ఒక్క సైజేనని పెట్టుకున్నాడు. సగం బిందువుల వ్యాసార్థం 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), సగానిది 15 అనుకో. సగటు 10. కానీ కాంతికి అడ్డుపడేది బిందువు వైశాల్యం, నీటిని మోసేది దాని ఘనపరిమాణం. అందుకే ఆ వ్యాసార్థాల ఘనాల మొత్తం 3500ని వర్గాల మొత్తం 250తో భాగించాలి. వచ్చేది 14. చదరపు మీటరుకు 100 గ్రాముల నీరున్న మబ్బుకు కాంతి మందం, అంటే అది వెలుగును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 10తో లెక్కేస్తే 15, 14తో వేస్తే 10.7. అతని మబ్బు ఉన్నదానికంటే తెల్లగా వచ్చింది. కాంతి మందం 15 ఉన్న మబ్బులు బోలెడు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గాలిలో దుమ్ము, పొగ పెరిగితే బిందువులు చిన్నవై మబ్బు తెల్లబడుతుందని ట్వోమీ అనే శాస్త్రవేత్త 1970ల్లో చెప్పాడు. ఆ తేడా పట్టుకుందామని బయల్దేరినవాడు, తన లెక్కలోని తప్పునే దుమ్ము పనిగా రాసుకున్నాడు. తెలివైన పిల్లవాడు. చాలా కుంగిపోయాడు. నువ్వూ తొందరమనిషివే, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఒక పరీక్ష పెట్టుకో. పల్చని మబ్బు చంద్రుడి ముందు నుంచి పోతుంటే దగ్గరగా రంగుల వలయం కడుతుంది. గోదావరి గట్టు మీద నీకు చూపిస్తుంటే నా భుజం మీదే నిద్రపోయావు, అంత చిన్నదానివి. బిందువులు చిన్నవైతే వలయం పెద్దది. సైజులు దగ్గర దగ్గరగా ఉంటేనే రంగులు విడివిడిగా కనిపిస్తాయి, లేకపోతే కలిసిపోయి మసకబారతాయి. 10 మైక్రాన్ల వ్యాసార్థానికి నీ మోడల్ మొదటి చీకటి వలయాన్ని రెండు డిగ్రీల దగ్గర చూపించాలి. చూపించకపోతే అక్కడే ఆగు. చంద్రుడి చుట్టూ 22 డిగ్రీల దూరాన కట్టే వరదగుడి మంచు స్ఫటికాలది, దాన్ని దీనితో కలపకు.

ఇంకొకటి. మబ్బు నుంచి పైకి తిరిగిపోయిన వెలుగే కాదు, కిందికి దిగింది ఎంతో కూడా రాయి. కళ్లంలో ధాన్యం ఆరబోసుకుని ఆకాశం వంక చూసే మనవాళ్లకు కావలసింది అదే.

వేళకు తిను. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చూద్దాం. పెద్దమ్మ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పిస్తానంటోంది.

మీ పెదనాన్న