గోల్డ్ అమ్మేవాళ్లని బ్లాక్ చేసి ఊరుకోకండి

ఆన్‌లైన్ గేమ్‌లో బ్లాక్ చేసినా రోజూ కొత్త పేరుతో గోల్డ్ (ఆటలో వాడే డబ్బు) అసలు డబ్బుకి అమ్ముతామని మెసేజ్‌లు వస్తున్నాయి, గేమ్ కంపెనీకి రిపోర్ట్ చేసి లాభమేంటి అని ఒకరు అడిగారు. లాభం ఉందండీ. బ్లాక్ చేస్తే వాళ్లు మీ ఒక్కరికే కనబడరు, మిగతావాళ్లని పీడిస్తూనే ఉంటారు. పేరు టైప్ చేయకుండా చాట్‌లో ఆ మెసేజ్ మీదే నొక్కి రిపోర్ట్ పెట్టండి, ఎందుకంటే ఇంగ్లిష్‌లో పెద్ద ఐ (I), చిన్న ఎల్ (l) ఒకేలా కనిపించే పేర్లు కావాలనే పెట్టుకుంటారు, పొరపాటున ఇంకెవరో ఇరుక్కుంటారు. ఆ తర్వాతే బ్లాక్.

వాళ్ల ఖాతా వెంటనే బ్యాన్ కాలేదని వదిలేయకండి, ఎలా పట్టుకున్నారో తెలియకూడదని కంపెనీలు చాలాసార్లు దొరికినవాళ్లందరినీ ఒకేసారి తీసేస్తాయి. రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఈ గోల్డ్ అమ్మేవాళ్ల వల్లే ఆటగాళ్లు వస్తువులు, గోల్డ్ స్వేచ్ఛగా ట్రేడ్ చేసుకోవడం కొన్నేళ్లపాటు ఆపేసి 2011లో గానీ తిరిగి ఇవ్వలేదు, నష్టపోయింది మామూలు ఆటగాళ్లే! గోల్డ్ అమ్మేవాళ్లిచ్చే లింకు మాత్రం నొక్కొద్దు, ఖాతాకి రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) ఈరోజే పెట్టుకోండి.