డాక్టర్ సలహా: పొడవు గ్లాసులోనే మజ్జిగ ఎక్కువంటాడు, తెలివి తక్కువా?

ప్రశ్న: మా బాబుకు 5 ఏళ్లు నిండాయి, యూకేజీ చదువుతున్నాడు. అక్కకూ వాడికీ ఒకే గరిటెతో కొలిచి మజ్జిగ పోసినా, సన్నని పొడవు గ్లాసు అక్కకు వెళ్తే ‘దానికే ఎక్కువ పోశావు’ అని ఏడుస్తాడు. బందరు రోడ్డులో స్కూటరు మీద వెళ్తుంటే చందమామ మన వెనకే వస్తున్నాడంటాడు. తీసివేతలు ఎంత చెప్పినా ఎక్కడం లేదని టీచర్ అంటున్నారు. 13 ఏళ్ల మా అమ్మాయేమో ప్రతి మాటకూ వాదనే. బాబుకు తెలివి తక్కువేమోనని మావారి దిగులు. అబాకస్‌లో చేర్పించమంటారా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి మీ బాబు 5 ఏళ్ల పిల్లాడు ఆలోచించవలసినట్టే ఆలోచిస్తున్నాడు. మీవారికి ముందు ఆ మాట చెప్పండి.

గ్లాసుల గొడవ మీ ఒక్క ఇంటిది కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే (1896–1980) పిల్లల ఆలోచన తీరును పరిశీలించింది ఇలాంటి గ్లాసులతోనే. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని పిల్లల కళ్లముందే సన్నని గ్లాసులోకి వంపేవారు. ఈ వయసు పిల్లలు చాలామంది సన్నని గ్లాసులోనే ఎక్కువన్నారు. వాళ్ల చూపు ఎత్తు మీదే నిలుస్తుంది, వెడల్పు లెక్కలోకి రాదు. పైగా వంపిన నీటిని తిరిగి మొదటి గ్లాసులో పోస్తే ఏమవుతుందో మనసులో వెనక్కి నడిపి చూసుకోలేరు. తీసివేత ఎక్కకపోవడానికీ ఇదొక కారణం కావచ్చు. కూడికను వెనక్కి నడపడమే కదా తీసివేత!

సుమారు 7 ఏళ్లకు ఈ చిక్కు విడిపోతుంది. అయితే ఒక్కసారిగా కాదు. నీళ్ల సంగతి తెలిసిన పిల్లలే చపాతీ పిండి ముద్దను అప్పడంలా వత్తితే బరువు తగ్గిందనుకోవచ్చు. అది సర్దుకునేసరికి 9, 10 ఏళ్లు వస్తాయి. ఈ వయసులు విజయవాడ జంక్షన్ రైలు వేళల్లా రాసిపెట్టినవీ కావు. ఒకరికి ఏడాది ముందు, ఒకరికి వెనక. పియాజే చెప్పిన వయసులనూ తర్వాతి పరిశోధకులు సవరించారు. గుడ్డ కింద దాచిన బొమ్మను బిడ్డ వెతకడం సుమారు 8 నెలలకు మొదలవుతుంది, దోబూచులాట రుచి తెలిసే రోజులవి. కానీ కనబడని వస్తువు ఇంకా ఉందన్న ఎరుక అంతకు నెలల ముందే ఉంటుందని, పసివాళ్లు ఎంతసేపు చూస్తారో కొలిచి తెలుసుకున్నారు.

చందమామ మాటకు నవ్వి ఊరుకోండి. ప్రకాశం బ్యారేజీ గేట్లు దించితే కృష్ణమ్మకు ఊపిరాడదా అని మా మనవడు అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

అమ్మాయి వాదన కూడా ఎదుగుదలే. 11, 12 ఏళ్ల తర్వాత ‘ఒకవేళ ఇలా కాకపోతే?’ అని లేనిదాన్ని ఊహించి తర్కించడం వస్తుంది. నాన్న హెల్మెట్ లేకుండా వెళ్తూ నీతులు చెబితే పట్టుకునేది అందుకే. ఆవేశానికి పగ్గం వేసే మెదడు ముందుభాగం మాత్రం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. కాబట్టి తర్కం ముందు నడుస్తుంది, నిదానం వెనక వస్తుంది.

అబాకస్‌కు తొందరేమీ లేదు. మన ఊళ్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ పునాదులంటున్నారు, ఇక యూకేజీ వాణ్నయినా వదిలేద్దాం. మజ్జిగ వాడినే వంపనివ్వండి, తిరిగి పోయనివ్వండి. ‘సమానమే’ అని బట్టీ పట్టించకండి. వామనగుంటలు ఆడించండి, గుంటల్లో చింతగింజలు వేస్తూ తీస్తూ ఉంటే తీసివేత చేతికి అందుతుంది. పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలి. హోంవర్క్ కోసం రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

వాక్యాలుగా మాట్లాడకపోయినా, తోటి పిల్లలతో కలవకపోయినా, ‘దొంగాపోలీసు’ లాంటి ఊహల ఆటలు ఆడకపోయినా, ముఖ్యంగా వచ్చిన మాటలు, పనులు మరిచిపోతున్నా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. వాడు పాలిపోయి, నీరసంగా ఉంటే రక్తహీనత పరీక్ష కూడా అవసరం. ఐరన్ తక్కువైతే చదువు మీద ధ్యాస నిలవదు.

టీచర్ మాటనూ కొట్టిపారేయకండి. బోర్డు కనబడకో, మాట సరిగా వినబడకో వెనకబడే పిల్లలను చాలామందిని చూశాను. ఈ నెలలోనే ఒకసారి చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. అప్పటిదాకా మజ్జిగ ఒకేలాంటి గ్లాసుల్లో పోస్తే ఇంట్లో ఏడుపు తగ్గుతుంది.