తాతగారి ఉయ్యాలబల్ల

ప్రశ్న: మా తాతగారి టేకు ఉయ్యాలబల్లను, ఇత్తడి గొలుసులతో సహా, హైదరాబాద్ ఫ్లాట్ హాల్లో వేలాడదీయాలని ఉంది. బల్ల నల్లబడింది, పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి మెరుపు పూత) కోటింగ్ కొట్టేద్దామంటున్నాడు పెయింటరు. కొట్టించమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ నలుపు పాత పాలిష్ మీద పేరుకున్న జిడ్డే కావచ్చు. బల్ల అడుగున ఓ మూల, స్పిరిట్‌లో (పాలిష్ పనికి వాడే ఆల్కహాల్) ముంచిన గుడ్డతో రుద్ది చూడండి. పైపూత కరిగి, గుడ్డకు గోధుమరంగు జిగురు అంటిందా, అది లక్క పాలిష్. మళ్లీ లక్కే పట్టించండి. పీయూ మెరుస్తుంది, నిజమే. కానీ ఒక్క గీత పడితే, ఆ ఒక్కచోటే సరిచేయించడం కష్టం. లక్క అలా కాదు, పాత పూతలో కొత్తది కలిసిపోతుంది. చెక్కను గరుకు కాగితంతో అరగదీసే శాండింగ్ మిషను మాత్రం దగ్గరకు రానివ్వకండి, అంచుల చెక్కడం అరిగిపోతుంది.

గొలుసులకు చింతపండు చాలు. తోమి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. లంకెల మధ్య తడి ఉంటే చిలుము పడుతుంది. హుక్కులు ఫాల్స్ సీలింగ్‌కు కాదు, అసలు బీముకే. చోటు ఇంజనీరును చూపమనండి. ముందూ వెనకా ఊగేంత ఖాళీ వదలండి. పక్కన ఇత్తడి ఉరుళి పాత్రలు, గ్రామఫోను లాంటివి పేర్చి హాలును మ్యూజియం చేయకండి!