రేస్ ట్రాక్‌లో ఉద్యోగమా? ముందు రెండు రోజులు జెండా పట్టుకోనివ్వండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. 2023లో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు మా బావమరిది తీసుకెళ్లి చూపించాడు. అప్పటి నుంచి వాడికి అదే లోకం. చెన్నై దగ్గర ఎప్పటికీ ఉండే రేస్ ట్రాక్ ఉందట. అక్కడే ఉద్యోగం చేస్తాను, ఇంజినీరింగ్ కూడా ఆ ఊళ్లోనే చేర్చండి అని పట్టుబట్టాడు. మాది ఎరువుల దుకాణం. రేసు కార్ల సంగతి మాకేం తెలుసు? అక్కడ నెలజీతం వచ్చే ఉద్యోగాలు ఉంటాయా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ ఆఖరి మాటకే ముందు జవాబు చెప్తాను. ఉంటాయి, కానీ చాలా తక్కువ. అయినా మీ అబ్బాయి దారి తప్పాడని నేననుకోవడం లేదు. ట్రాక్ గేటు లోపల లేని జీతాలు గేటు బయట బోలెడున్నాయి. అది వాడికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

మీవాడు హైదరాబాద్‌లో చూసింది ఊరి రోడ్లకే అడ్డుగోడలు కట్టి చేసిన ట్రాక్. రేసు అయిపోగానే గోడలు తీసేశారు, బస్సులు తిరిగాయి. మరుసటి ఏడాది రేసే రద్దయింది. చెన్నై సంగతి వేరు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నది రేసుల కోసమే కట్టిన సర్క్యూట్. పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. ఇప్పుడు దాన్ని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. అంతకుముందు వాళ్లు షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు పెట్టేవాళ్లు.

అక్కడ డ్రైవర్లు కాకుండా ఎవరెవరు పనిచేస్తారో మీవాడికి తెలియాలి. మలుపు మలుపుకీ, జెండాలు ఊపి డ్రైవర్లను హెచ్చరించే మార్షల్స్ నిలబడే చోటు ఉంటుంది. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చెయ్యకూడదని. పసుపు, ఎరుపు చారల జెండా అయితే రోడ్డు జారుతోందని. ఎరుపైతే రేసు ఆపేశారని. ఆ జెండాలకు హుకుం ఇచ్చేది రేస్ కంట్రోల్ గది. టైమింగ్ వాళ్లది ఇంకో గది. ప్రతి బండిలో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. బండి గీత దాటగానే రోడ్డు కింద పాతిన తీగ దాన్ని పసిగడుతుంది, సెకనులో వెయ్యో వంతు వరకు లెక్క వస్తుంది. స్క్రూటినీరింగ్ షెడ్డులో బండి బరువు తూచి, బెల్టులు, హెల్మెట్ కూడా చూసి గాని ట్రాక్ మీదికి వదలరు. మెడికల్ సెంటర్ సంగతి మీకు నచ్చుతుంది. అంబులెన్సు ఎవరినైనా ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లిందంటే, దాని స్థానంలో మరొకటి వచ్చి నిలబడేదాకా రేసు నడపరు.

ఇక రోడ్డు. రేసు అంటే మెకానికల్ అనుకుంటాం గానీ, సర్క్యూట్ సగం సివిల్ ఇంజినీర్ల పనే. ఏ రాయి వాడితే టైరుకి పట్టు దొరుకుతుంది, వాన నీళ్లు ఎటు పోవాలి, అదుపు తప్పిన బండిని ఆపే కంకర ఏ మలుపులో పొయ్యాలి, టైర్ల గోడ ఎక్కడ పేర్చాలి, అన్నీ వాళ్లే తేల్చాలి. ఆఖరికి కంచె కూడా. 2011లో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు మొదటి ఫార్ములా వన్ జరిగినప్పుడు, తొలి ప్రాక్టీసులోనే ఒక వీధికుక్క ట్రాక్ మీదికి వచ్చింది. ప్రపంచమంతా టీవీల్లో చూస్తుండగా ఎర్రజెండా చూపించాల్సి వచ్చింది పాపం!

ఇంత పని ఉన్నా జీతాలు ఎందుకు తక్కువంటే, రేసులు జరిగేది ఏడాదిలో కొన్ని శని, ఆదివారాలే. మిగతా రోజుల్లో కంపెనీలు బండ్లు పరీక్షించడానికో, డ్రైవింగ్ నేర్పే స్కూళ్లకో, సొంత బండి తెచ్చుకుని నడుపుకునేవాళ్లకో ట్రాక్ అద్దెకిస్తారు. దాన్ని చూసుకోవడానికి కొద్దిమంది సిబ్బంది చాలు. మార్షల్స్‌లో ఎక్కువమంది ఇష్టంతో వచ్చేవాళ్లు, వాళ్ల ఉద్యోగాలు వేరే ఉంటాయి. బుద్ధ్ సర్క్యూట్‌నే చూడండి. 5 కిలోమీటర్లకు పైగా ట్రాక్, అంతర్జాతీయ హంగులు, అన్నీ ఉన్నాయి. ఫార్ములా వన్ మూడేళ్లు జరిగి 2013తో ఆగిపోయింది, పన్నుల గొడవ కూడా అందుకొక కారణం. పదేళ్లకు, 2023లో, మోటోజీపీ అనే అంతర్జాతీయ బైకు రేసు వచ్చింది. అలాంటి చోట ఒక్కదాన్నే నమ్ముకుని పిల్లవాడి భవిష్యత్తు కట్టకండి.

మరి గేటు బయట? ఇరుంగాట్టుకోట్టైలోనే హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉంది. కాస్త దూరంలో ఒరగడంలో వాహనాలను పరీక్షించే ప్రభుత్వ కేంద్రం ఉంది, దానికి సొంత టెస్ట్ ట్రాకులున్నాయి. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో ఉన్న నాట్రాక్స్ అనే మరో పరీక్షా కేంద్రంలో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్‌ను 2021లో తెరిచారు. మన వైపు చూసినా సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీలున్నాయి. టైరు ఎందుకు అరిగింది, బ్రేకు ఎందుకు వేడెక్కింది, సెన్సర్ ఏం చెప్తోంది అని చూసేవాళ్లు ఈ రంగంలో ఎప్పుడూ కావాలి. రేసు మీద పిచ్చి ఉన్న కుర్రాడు ఇలాంటి పనిలో రాణిస్తాడు. వారాంతంలో రేసు టీముతో తిరగడానికి కూడా వీలుంటుంది.

చదువు సంగతి. మెకానికల్ గాని ఆటోమొబైల్ గాని మంచిదే. కానీ మీవాడు మనసు పారేసుకున్నది ఎలక్ట్రిక్ రేసు మీద, కాబట్టి ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్‌ను తక్కువ చెయ్యొద్దు. కాలేజీ చెన్నైలోనే ఉండాలని లేదు. విద్యార్థులే రేసు కారు తయారుచేసి పోటీ పడే ఫార్ములా భారత్ కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతుంది. ఆ ట్రాక్‌కు పేరు వచ్చింది కరివర్ధన్ గారి వల్ల. మారుతీ ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో ఫార్ములా కారు తయారుచేయించి, మామూలు కుర్రాళ్లకు కూడా రేసు అందుబాటులోకి తెచ్చిన మనిషి ఆయన. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు గోడ మీద రేసింగ్ క్లబ్ బోర్డు చూసి మురిసిపోకండి. ‘మీ కారు పోటీలో చివరిదాకా పరిగెత్తిందా? ఎక్కడ ఆగిపోయింది?’ అని అడగండి. కారు ఆగిపోయిన కథ వివరంగా చెప్పగలిగిన సీనియర్లున్న కాలేజీ అయితే నేను కళ్లు మూసుకుని చేర్చమంటాను.

డ్రైవర్ అవుతానంటే మాత్రం, అది వేరే లెక్క. స్పాన్సర్ దొరికేదాకా ఖర్చు ఇంటిదే, మీ దుకాణం తట్టుకోలేదు. వాడు ఆ మాట అనలేదు కాబట్టి వదిలేద్దాం.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. ఇంటర్ పరీక్షలయ్యాక, పద్దెనిమిది నిండాక, చెన్నైలో జాతీయ స్థాయి రేసులున్న వారాంతం చూసి, మార్షల్ శిక్షణ ఎప్పుడిస్తారని మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌కు వాణ్నే రాయమనండి. మీరు రాయొద్దు. టోపీ, నీళ్ల సీసా, మడమ పూర్తిగా కప్పే బూట్లు ఇచ్చి పంపండి. రెండు రోజులు ఎండలో నిలబడి, ఎవరో జారిపడిన బైకును పక్కకు లాగి, సాయంత్రం బస్సులో చెవులు గింగురుమంటుండగా ఇంటికి ఫోన్ చేస్తాడు చూడండి. అప్పుడు వాడి గొంతు ఎలా ఉందో విని నాకు మళ్లీ రాయండి. బ్రాంచి సంగతి అప్పుడు తేల్చుకుందాం.