విరిగిన ముక్క చూశాకే లెక్క నమ్ము

బుజ్జీ,

గ్లూతో అతికించిన రేకుల అతుకుని కంప్యూటర్లో చిన్న చిన్న గళ్లుగా, అంటే ఎలిమెంట్లుగా, కోసి నువ్వు పంపిన మెష్ బొమ్మలు చూశాను. రంగులు బాగున్నాయి. అతుకు అంచు దగ్గర స్ట్రెస్, అంటే చదరపు మిల్లీమీటరుకి పడే బలం, ఎంత తీసుకోవాలని అడిగావు. నీకు ఎంత కావాలంటే అంత! ఆ మూలలో ఎలిమెంట్‌ని సగం చేస్తే అంకె పెరుగుతుంది, ఇంకా సగం చేస్తే ఇంకా పెరుగుతుంది. ఎంత లాగితే అంతే సాగుతుందనుకునే లీనియర్ లెక్కకి అక్కడ అంతు లేదు. ఆ ఎర్ర చుక్క చూసి రిపోర్టు రాసెయ్యకు.

ముందు కాగితం మీద ఒక లెక్క చెయ్యి. మీ ల్యాబ్‌లో ల్యాప్ ముక్కే తీసుకో, ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు పెట్టి అతికించినది. 1.6 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం రేకు, 25 వెడల్పు, 12.5 అతుకు పొడవు. ఎపాక్సీ గ్లూ సగటు షియర్ బలం (రేకులు ఒకదాని మీద ఒకటి జారకుండా ఆపే బలం) 25 మెగాపాస్కల్స్ అనుకుంటే 7.8 కిలోన్యూటన్లు మోస్తుంది. అతుకు పొడవు 25 చేస్తే 15.6 అనేస్తావు. కానీ రేకు అడ్డకోత 40 చదరపు మిల్లీమీటర్లే కదా. 6061-టీ6 రకం అల్యూమినియం సుమారు 275 మెగాపాస్కల్స్ దగ్గర తిరిగి రాకుండా సాగడం మొదలెడుతుంది, అంటే 11 కిలోన్యూటన్లకే. రేకే ముందు లొంగిపోతుంది. పైగా రెండు రేకులూ ఒకే గీత మీద లేవు కాబట్టి లాగేకొద్దీ అతుకు వంగి అంచులు నోరు తెరుస్తాయి. షియర్ అంచుల్లో పోగవుతుందని 1938లో వోల్కర్సెన్ అనే పరిశోధకుడు చూపిస్తే, ఈ వంపు సంగతి 1944లో గోలాండ్, రైస్నర్ లెక్కలోకి తెచ్చారు. స్టిక్కర్‌ని పక్కకి లాగితే రాదు, మూల పట్టుకుని ఎత్తితే ఊడి వస్తుంది. ఇదీ అంతే.

గ్లూలో పగులు ఎలా తెరుచుకుంటూ పోతుందో లెక్కించే కొహెసివ్ జోన్ మోడల్ పెడతానంటే పెట్టు. దానికి కావలసిన పగులు శక్తి విలువలు మాత్రం డీసీబీ (అతుకుని నోరు తెరిచేలా విడదీసేది), ఈఎన్ఎఫ్ (వంచి అతుకు జారేలా చేసేది) ముక్కలు విరిచి తెచ్చుకో, మీ గ్లూతో, మీరు వాడే మందంతో. డేటాషీట్‌లో ల్యాప్ షియర్ అంకె నుంచి అవి రావు.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఉద్యోగంలో కొత్త. ఎండాకాలంలో అతికించిన ప్యానెల్ టెస్టులో నా లెక్కకి సరిగ్గా సరిపోయింది. టీ ఇప్పించాను అందరికీ. వానలు వెళ్లేసరికి అదే ప్యానెల్ చేత్తో ఊడింది. చూస్తే గ్లూ అంతా ఒకవైపే ఉంది, రెండో రేకు అద్దంలా మెరుస్తోంది. ఆరా తీస్తే, అసిటోన్‌తో తుడిచిన కుర్రాడు పొద్దున్నుంచి ఒకే గుడ్డ వాడాడట. వాణ్ణి ఏమనను? చూసుకోవలసింది నేను. నా లెక్కలో గ్లూ ఉంది, ఆ గుడ్డ లేదు.

అందుకే విరిగిన రెండు ముఖాలూ చూడు. రెండింటి మీదా గ్లూ ఉంటే నీ మోడల్‌తో పోల్చవచ్చు. ఒకటి బోడిగా ఉంటే మోడల్ జోలికి పోకు, రేకు ముస్తాబు దగ్గరికి వెళ్లు. శుభ్రం చేశాక నీళ్లు పొయ్యి. పొరలా పరుచుకోవాలి. తామరాకు మీద బొట్టులా ముడుచుకుంటే జిడ్డుంది. పరుచుకున్నా ఏళ్ల తరబడి ఉంటుందని కాదు. అది తెలియాలంటే వెడ్జ్ టెస్టు ముక్కని, అంటే అతుకులో చీల దూర్చిన ముక్కని, తేమలో పెట్టి పగులు ఎంత పాకిందో కొలవాలి.

బరువు ఎప్పుడూ వేలాడుతూ ఉండే చోట ఇంకా జాగ్రత్త. బోస్టన్ సొరంగంలో 2006 జులైలో సుమారు 26 టన్నుల కాంక్రీటు కప్పు కారు మీద పడి ఒకావిడ చనిపోయింది. బోల్టుల్ని పట్టుకున్న ఎపాక్సీ కొద్దికాలపు బరువుకి గట్టిదే. ఏళ్ల తరబడి మోస్తూ మోస్తూ సాగి జారింది. నిమిషంలో ముక్క విరిచే మెషీన్ ఈ సంగతి నీకు చెప్పదు.

వచ్చే వారం ఐదు ముక్కలు విరిచి, రెండు ముఖాల ఫోటోలూ పంపు. గ్రాఫులు తర్వాత చూద్దాం. మీ అమ్మ పంపిన మాగాయ అందిందని చెప్పు.

మావయ్య